కాగ్నా అవతలికి ఒడిబియ్యం

కాశీకి పోయి వచ్చినవాళ్లు యాత్ర రాస్తారు. నేను తాండూరు పోయి వచ్చాను. మా నవాబుపేట దిక్కు నుంచి పొద్దున్నే రైలెక్కితే పొద్దు నెత్తి మీదికి రాకముందే దిగే ఊరు. దీనికి కూడా రాత ఎందుకని మా వాడలో ఒకామె అడిగింది. నువ్వు పోయినవా అన్నాను. పోలేదంది. అయితే నీ కోసమే రాస్తున్నా, ఎవరితోనైనా చదివించుకో అన్నాను.

అక్షరాలు నాకు పళ్లు కదిలే వయసులో వచ్చాయి. ఊళ్లో రాత్రిబడి పెట్టినప్పుడు ఈ ముసలిదానికెందుకని నవ్వినవాళ్లంతా కొన్నాళ్లకే పలకలు మూలకు పెట్టారు. నేను పెట్టలేదు. ఒక్కదాన్నే ఉండే ఇంట్లో సాయంత్రాలు పొడుగ్గా ఉంటాయి. అందుకని నా రాతలో తప్పులుంటే మీరే దిద్దుకొని చదువుకోండి.

ఎందుకు బయలుదేరాను

మా చెల్లె నర్సమ్మను కాగ్నా ఏటి అవతల, తాండూరు దాటాక ఉన్న ఒక పల్లెకు ఇచ్చారు. మా దిక్కున పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు కొన్నేళ్లకొకసారి ఒడిబియ్యం పోస్తారు. పసుపు పట్టించిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, ఒక రవికె గుడ్డ. ఆమె కొంగు పరిచి కూర్చుంటే ఒడిలో పోస్తారు. తిండికి లేదని పోసేది కాదు. నీ వెనుక ఒక ఇల్లుందని నలుగురి ముందు చెప్పడమే అది. మొగుడున్న ఆడదానికే పోస్తారు. మొగుడు పోయాక ఆ ఒడి మళ్లీ నిండదు.

మా తమ్ముడు ఉన్నన్నాళ్లు వాడే పోశాడు. వాడు పోయి ఏండ్లయింది. పిల్లలు లేరు, వాడి పెండ్లాం తన తల్లిగారింటికి పోయింది. నేనేమో చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకొని ఆ ఇంటికే తిరిగొచ్చినదాన్ని. ఇప్పుడు పుట్టిల్లంటే నేనూ, ఒక పొయ్యీ.

శ్రావణంలో తాండూరు బండలు తెచ్చి అమ్మే మనిషి మా ఊరికి వచ్చాడు. వాకిట్లో నిలబడి చెప్పాడు.

"నర్సమ్మ మాట జెప్పుమన్నదవ్వా. వాళ్లాయనకు పానం బాగలేదు, మంచం దిగుతలేడు. 'ఆయన ఉండంగనే ఒక్కపారి నా ఒడి నింపుమను' అన్నది."

"ఎవల్ని నింపుమన్నది?"

"పుట్టింటోళ్లను."

"పుట్టింట్ల నేను దప్ప ఎవలున్నరు?"

అతను తల గోక్కున్నాడు. "గదంత నాకు దెల్వదు. చెప్పుమన్నది, చెప్పిన. జర మంచినీళ్లియ్యి."

బొట్టు లేని చేయి ఒడిబియ్యం పోయకూడదు. అది నాకు తెలుసు, నర్సమ్మకూ తెలుసు. తెలిసి కూడా కబురు పెట్టింది. మామూలుగా ఆడపిల్లే పుట్టింటికి వచ్చి పోయించుకోవాలి, కానీ మంచంలో ఉన్న మనిషిని వదిలి ఆమె ఎట్లా వస్తుంది? శ్రావణం దాటితే భాద్రపదం, ఆ నెలలో శుభం చేయరు. బియ్యానికి పసుపు పట్టించి కొత్త గుడ్డలో మూట కట్టాను. పోయనిస్తారో లేదో అక్కడికి పోయాక చూద్దామనుకున్నాను.

అనంతగిరి

ఆ ఏడు మృగశిర కార్తె ఎండగానే పోయింది. ఆరుద్రలో దుమ్ము లేచింది. మా ఊళ్లో పిల్లలు రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగారు, ఆడవాళ్లం చెంబులతో నీళ్లు పోశాం. ఆ నీళ్లకు కప్ప సంతోషించింది గాని మబ్బు కదల్లేదు. అక్కడక్కడ ఒక జల్లు పడి మొలకను బతికించింది, అంతే. ఇట్లాంటి ఏట మా పెద్దవాళ్లు 'ఉత్తర చూసి ఎత్తర గంప' అనేవాళ్లు. ఉత్తర కార్తె దాకా చూసి అప్పటికీ వాన లేకుంటే గంప నెత్తికెత్తుకొని ఊరు విడవమని.

వికారాబాదులో దిగి ముందు గుట్ట ఎక్కాను. పద్మనాభస్వామి మా ఇంటి దేవుడు. మూట ఆయన ముందు పెట్టి తీసుకుపోవాలని.

గుట్ట మీద రాయి ఎర్రగా, తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. ఆ చిల్లులు వానాకాలమంతా నీళ్లు తాగుతాయి, ఎండాకాలం కొద్దికొద్దిగా కింద వదులుతాయి. అందుకే మా చెరువులో బురద పలిగి పెంకులైన ఏడు కూడా గుట్ట కింద బుగ్గ ఊరుతూనే ఉంది. దోసిలి పట్టి తాగాను. చల్లటి నీళ్లు. పన్ను జివ్వుమంది.

గుట్ట మీద దగ్గు రోగాలవాళ్ల దవాఖాన ఉంది. గాలి మంచిదని అక్కడ కట్టారట. గుడి నుంచి వస్తుంటే ఆ దిక్కు నుంచి వచ్చిన ఒక మనిషి దుప్పటి కప్పుకొని రాయి మీద కూర్చొని ఉన్నాడు. నలభై దాటి ఉండవు గాని మెడ నరాలు తేలాయి. నేను పక్కనున్న రాయి మీద కూలబడబోతే చేయి అడ్డం పెట్టాడు.

"గక్కడ్నే ఉండవ్వా. దగ్గరికి రాకు."

"నీ రోగం నాకంటుకుంటె ఎంత, అంటుకోకుంటె ఎంత. నేను దినేది తిన్న."

నవ్వాడు, ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక మాది నవాబుపేట దిక్కని చెప్పాను. అతని ఊరు తాండూరు దిక్కట. బండలు తీసే పని. మా మరిది పని కూడా అదే. నర్సమ్మ మొగుడు వయసంతా ఆ గనుల్లోనే పోగొట్టాడు.

"మందులిస్తున్నరా?" అన్నాను.

"ఇస్తున్నరు. పాలు గుడ పోస్తున్నరు. పనే లేదు. కూసుంట, వాన కోసం చూస్త."

"గీ ఏడు వాన యాడిది?"

"వస్తది. ముందుగాల గుట్టకే వస్తది." దుప్పట్లోంచి చేయి తీసి చూపించాడు. "గుడి దిక్కు పడ్డ నీళ్లు మూసీల వడి నీ ఊరికి పోతయి. గా చెట్ల ఎనుక పడ్డయి కాగ్నాల వడి మా ఊరికి పోతయి. నడుమ గోడ లేదు, గీత లేదు. నీళ్లకే ఎరుక. మొన్నటి జల్లు జూసిన, మస్తుగ మా దిక్కే పోయినయి."

"అబద్దం జెప్పకు. వాన ఎటు పోయిందో ఎవడు జూసిండు?"

"పని లేనోడు జూస్తడు."

చూడ్డానికి ఎవరైనా వస్తారా అని అడిగాను. దూరం గదా అన్నాడు. తర్వాత చెట్ల వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. లేచి వస్తుంటే మాత్రం వెనుక నుంచి అరిచాడు. "కాగ్నా దాటేటప్పుడు పైలం అవ్వా!"

తిరిగొచ్చాక ఈ ముచ్చట చెబితే మా రాత్రిబడి పంతులు మిగతాది చెప్పాడు. మూసీ తూర్పుకు పోయి కృష్ణలో కలుస్తుంది. కాగ్నా పడమరకు పోయి భీమలో కలుస్తుంది, ఆ భీమ కూడా పోయి కృష్ణలోనే పడుతుంది. ఒక గుట్ట మీద పుట్టి చెరో దిక్కు పోయిన నీళ్లు ఎన్నో ఊళ్లు తిరిగి మళ్లీ కలుస్తాయి. మనుషులకు ఆ వసతి లేదు.

రైల్లో

రైలు స్టేషన్లో బోర్డు నేనే చదివాను. వి, కా, రా, బా, దు. పైకే చదివాను. పక్కనున్నాయన నా ముఖం చూసి మళ్లీ బోర్డు చూశాడు, అందులో ఏం వింత ఉందా అని. వెనుకటికి నర్సమ్మను అత్తగారింట్లో దిగబెట్టడానికి ఇదే రైల్లో పోయినప్పుడు ప్రతి స్టేషనుకూ తమ్ముణ్ణి 'ఇదేనారా, ఇదేనారా' అని అడిగాను.

చాయ్ అణా అనుకొని ఇచ్చాను. ఇప్పుడు అణాలు లేవు, ఆరు పైసలు అన్నాడు. రెండూ ఒకటే గదా అంటే 'ఒకటే గని పేరు మారింది' అన్నాడు. చాయ్ మాత్రం మారలేదు. అప్పుడూ నీళ్లే, ఇప్పుడూ నీళ్లే.

ధారూరు దాటాక కిటికీలోంచి చూస్తే నేల రంగు తిరుగుతుంది. మా దిక్కు ఎర్ర చెలకలు వెనక్కి పోయి నల్ల రేగడి వస్తుంది. వాన లేక ఆ రేగడి నెర్రెలు విచ్చింది. మా ఎర్ర నేల ఎండితే రాయిలా గట్టిపడి ఊరుకుంటుంది, నల్ల నేల నోరు తెరుస్తుంది. కాలు దూరేంత నెర్రె కనిపించింది నాకు. ఆ నేలకు ఒక్క మంచి వాన చాలట, లోపల దాచుకొని చలికాలం జొన్నను దాంతోనే పండిస్తుందట. ఈ మాట ఎదురుగా కూర్చున్న ఆమె చెప్పింది. పేరు ఖాసింబీ. చెల్లె ఊరే ఆమెది కూడా. ఆమె మొగుడు బండల బండి తోలుతాడు. ఆమె నోరు ఆగదు, చేయి ఆగదు. దారి పొడుగునా వక్కలు కత్తిరిస్తూనే ఉంది.

"మూటల ఏమున్నదక్కా? బంగారమా? పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవు."

"బియ్యం."

"అరె, బియ్యానికి గింత కాపలానా?"

"ఒడిబియ్యం."

"ఎవలికి?"

చెప్పాను. ఆమె కత్తెర ఆపింది. నా నొసటి దిక్కు చూసింది, వెంటనే కిటికీ బయటికి చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. తర్వాత ఒక వక్క ముక్క నా చేతిలో పెట్టి, "జర నమలు, నోరు ఎండింది నీకు" అంది.

తాండూరు

తాండూరు మొన్నమొన్నటిదాకా గుల్బర్గా జిల్లా కింద ఉండేది, ఇప్పుడు మన దిక్కు కలిపారు. బజారుకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఒకే దుకాణంలో తెలుగులో బేరం చేసి, ఉర్దూలో తిట్టుకొని, కన్నడంలో నవ్వుకుంటారు. నన్ను చూసి ఒక ముసలామె "ఊట ఆయ్తా?" అంది. అన్నం తిన్నావా అని. ముక్కూ ముఖం తెలియని మనిషి ఆ మాట అడిగింది. మా ఇంట్లో నన్ను ఆ మాట అడిగేవాళ్లు లేరు మరి.

అక్కడ నేల కింద రాయి పొరలు పొరలుగా, పుస్తకం పేజీల్లా ఉంటుంది. నీలం రంగొకటి, పసుపు రంగొకటి. లేపితే పలకలా లేస్తుంది. ఇంటి కప్పు బండ, గోడ బండ, చేనుకు కంచె బండ, చివరికి పశువుల తొట్టి కూడా బండే. మా దిక్కున ఇంటికి మట్టి తొక్కుతాం, దూలానికి చెట్టు వెతుకుతాం. వాళ్లు కాళ్ల కింది నేలనే లేపి నెత్తి మీద కప్పుకుంటారు. బండలు కోసే చోట ఆకుల మీద, మనుషుల కనుబొమ్మల మీద తెల్లటి పొడి పడి ఉంటుంది. అనంతగిరి మీద దుప్పటి మనిషి గుర్తొచ్చాడు.

ఒక ఇంటి ముందర జొన్నరొట్టెలు అమ్ముతుంటే నేనూ ఖాసింబీ కొన్నాం. మా రొట్టె కంటే పలుచన, చప్పుడు చేస్తూ విరుగుతుంది. పుంటికూర, అదే గోంగూర, వేసిన పప్పు నంజుకోవడానికి ఇచ్చారు. కందిపప్పుకు తాండూరు పేరు ఊరికే రాలేదు. రొట్టెలు కొంగున కట్టుకొని, ఏట్లో కూర్చొని తిందామని నేనే అన్నాను.

కాగ్నా ఇసుక

ఏరు ఎండి ఉంది. ఒక పక్క సన్నగా, పిల్ల కాలువంత ధార. మిగతా అంతా ఇసుక. ఆడవాళ్లు తవ్వుకున్న చెలిమెల్లో నీళ్లు తేటగా ఊరి ఉన్నాయి. ఒక చెలిమె పక్కన మూట పెట్టి రొట్టె విప్పాను. ఖాసింబీ నిలబడే తింటోంది.

"కూసో," అన్నాను.

"తూర్పు జూడక్కా. నల్లగున్నది."

చూశాను. నిజమే, తూర్పున నేలకు అంటుకొని నల్లటి మబ్బు, మధ్యమధ్య మెరుపు. ఉరుము మాత్రం వినిపించడం లేదు, అంత దూరం. మా నెత్తి మీద ఎండ కాస్తోంది.

"గది మా గుట్ట మీది మబ్బు," అన్నాను. "పడితే మా ఊళ్ల పడుతది. పడనియ్యి, మస్తు రోజులకు పడుతున్నది."

"నడువక్కా, అవతలికి పోయి తిందం."

"నేను మూసీ ఒడ్డున పుట్టినదాన్ని. ఏరు రావాలంటే పడమటి దిక్కు మబ్బు పట్టాలె. పడమర జూడు, అద్దం లెక్క ఉన్నది."

మా ఊరికి అనంతగిరి పడమర. మూసీ అక్కడి నుంచి వస్తుంది. పుట్టినప్పటి నుంచి వరద అనగానే నా తల పొద్దుగుంకే దిక్కుకు తిరుగుతుంది. తాండూరుకు వచ్చాక ఆ గుట్ట నా వెనక్కి, తూర్పుకు పోయిందని నా తలకు ఎవరూ చెప్పలేదు. ఆ పొద్దున్నే గుట్ట మీది రోగి చేయి చాచి మరీ చూపించాడు. విన్నాను, తల ఊపాను, గుట్ట దిగేటప్పటికి మరచిపోయాను.

ముందు వాసన వచ్చింది, తడి మట్టి వాసన. వాన లేదు, వాసన ఎక్కడిదా అనుకునేలోపు చెలిమెలో నీళ్లు మసకబారాయి. ఇసుక మీద నురుగు నాలుకలా పాకుతూ వచ్చింది, ముందు ఎండుటాకులు, పుల్లలు, పేడ తోసుకుంటూ. చప్పుడు తర్వాత వచ్చింది. ఖాసింబీ నా రెక్క పట్టి లాగింది. అవతలికి పోవడానికి దారి లేదు, ధార ఆ పక్కనే అప్పటికే పొంగింది. వచ్చిన ఒడ్డుకే ఉరికాం. నాలుగడుగులు వేశాక చూసుకుంటే చేతిలో రొట్టె ఉంది, మూట లేదు.

వెనక్కి ఉరికాను. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి, మూట అప్పుడే లేస్తోంది. దాన్ని పట్టుకున్నప్పుడు నడుము దాకా వచ్చాయి. ఖాసింబీ అరుస్తూ తన చీర కొంగు విసిరింది, అది పట్టుకొని ఎట్లా గట్టెక్కానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చెప్పులు పోయాయి. ఒడ్డు మీద పడి దగ్గుతూ ఏరు చూశాను. ఆ నల్ల నేల దేశంలో నీళ్లు ఎర్రగా పోతున్నాయి. ఆ రంగు నాకు తెలుసు. మా గుట్ట మట్టి.

"నీ మూసీ వచ్చింది జూసినవా అక్కా?" అంది ఖాసింబీ, కొంగు పిండుకుంటూ.

చదువుకునే పిల్లలకు ఒక మాట చెబుతాను. ఏట్లో దిగేముందు నెత్తి మీది ఆకాశం చూసి లాభం లేదు. ఆ ఏరు ఎక్కడ పుట్టిందో కనుక్కోండి, ఆ దిక్కు చూడండి. వాన ఒక చోట పడుతుంది, వరద ఇంకో చోటికి వస్తుంది.

మూట విప్పితే కింది సగం తడిసింది, ఇసుక కూడా చేరింది. ఒడ్డు మీద పరిచి ఉన్న బండల మీద బియ్యం ఆరబోశాను. నీలం బండ మీద పసుపు బియ్యం. అక్కడ పనిచేసే ఒకతను సుత్తి ఆపి చూశాడు.

"అవ్వా, బండ మీద పులిహోర జేస్తున్నవా?"

"చేస్త, నీ పెండ్లికి."

"నాకైంది!"

"అయితే నీ కొడుకు పెండ్లికి. పని జూస్కో."

అతను నవ్వుతూ పోయాడు. ఖాసింబీ కాకుల్ని తోలుతోంది. నేను మాత్రం ఆ బియ్యం చూస్తూ కూర్చున్నాను. బొట్టు లేని చేయి ఒకటి చాలదన్నట్టు, ఇప్పుడు తడిసిన బియ్యం. ఇంట్లో ఇంకో గింజ తెచ్చేవాళ్లు లేరు. తిరిగిపోదామా అనిపించింది. తిరిగిపోతే నర్సమ్మ వాకిట్లో నిలబడి దారి చూస్తుంది, వచ్చిన ప్రతి బండినీ అడుగుతుంది. అది తలుచుకొని బియ్యం మళ్లీ మూట కట్టాను.

పొద్దు వాలేసరికి ఏరు తీసింది. ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. ఒక గొర్ల కాపరి కట్టె పొడుస్తూ ముందు నడిచాడు, మేమిద్దరం చేతులు పట్టుకొని దాటాం.

చెల్లె ఇల్లు

నర్సమ్మ గడపలోనే ఉంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"ముసల్దానివైనవక్కా," అంది.

"నువ్వు పడుచుదానివా?"

అప్పుడు ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. తడి చీరతో వణుకుతున్నాను. లోపల మంచం మీద మా మరిది దుప్పటి కింద ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. నన్ను చూసి చేతులు జోడించబోయి, దగ్గు రాగా ఒక చేయే లేపాడు.

తెల్లవారితే శుక్రవారం. నర్సమ్మ వాకిట్లో ముగ్గు వేసి పీట వేసింది. నలుగురు ఆడవాళ్లు వచ్చారు. ఖాసింబీ కూడా వచ్చి గడప అవతల కూర్చుంది. నేను మూట విప్పుతుంటే నర్సమ్మ యారాలు, అంటే ఆమె బావగారి భార్య, నా పక్కకు వచ్చి వంగింది.

"అక్కా, ఏమనుకోకు. శ్రావణ శుక్రారం. బొట్టున్న చేయి పొయ్యాలె. మా మరిది గట్ల మంచంల ఉండె. నాకు బుగులైతున్నది."

మంచిగానే చెప్పింది, కళ్లల్లో నీళ్లున్నాయి. తిట్టి ఉంటే నాకు జవాబు ఉండేది.

"మా ఇంట్ల బొట్టున్నోళ్లు లేరమ్మా," అన్నాను. "నేనొక్కదాన్నే ఉన్న. బియ్యం తడిసినయి, రేపటికి వాసన గొడ్తయి. మళ్ల తెచ్చేటోళ్లు లేరు."

"పక్కింటామె పోస్తది. ముత్తయిదువనే."

"పక్కింటామె పోస్తే పక్కింటి బియ్యమైతయి," అంది నర్సమ్మ పీట మీద నుంచి.

గడప అవతల నుంచి ఖాసింబీ గొంతు సవరించుకుంది. "బొట్టు లేకున్నా నాకు మొగుడున్నడు. తెల్లారి లేస్తె కొట్లాట గుడ పెట్టుకుంటడు. నేను పొయ్యనా?"

ఆడవాళ్లు ఫక్కున నవ్వారు, యారాలు కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే లోపలి నుంచి మరిది గొంతు వినిపించింది. గొంతు కాదు, గాలి.

"వదినె."

అందరం మంచం దిక్కు తిరిగాం.

"నేను ఉన్ననా, లేనా?"

"ఉన్నవయ్యా," అన్నాను.

"ఉన్నగద. నేనున్నన్నాళ్లు గామె ముత్తయిదువనే. ఒడి గామెది. పోసే చెయ్యి ఎవలదైతేంది?" ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. చాలా సేపు ఆగాడు. "నేను ఉండంగనే కానియ్యుండ్రి."

యారాలు లేచి, పసుపు కుంకుమ పళ్లెం తెచ్చి నా పక్కన పెట్టింది. నర్సమ్మ తూర్పు ముఖంగా తిరిగి కొంగు పరిచింది. నేను సోలతో ముంచి పోశాను. పొడి బియ్యమైతే గలగలా జారతాయి. ఇవి ముద్దలు ముద్దలుగా, చప్పుడు లేకుండా పడ్డాయి. నర్సమ్మ తల ఎత్తలేదు, ఒడిలోకే చూస్తోంది, చిన్నప్పుడు అమ్మ పంచే పేలాలకు ఒడి పట్టినప్పుడు చూసినట్టు.

పోశాక ఆడపిల్ల తన ఒడిలోంచి ఐదు పిడికిళ్లు తీసి పుట్టింటికి తిరిగి ఇవ్వాలి, ఆ ఇల్లు ఖాళీ కాకూడదని. నర్సమ్మ పిడికిలి పట్టి నా కొంగులో పోసింది.

"పుట్టిల్లు సల్లగుండాలె," అంది. ఎవరైనా అనే మాటే.

"గుమ్మిల పొయ్యక్కా," అంది మళ్లీ, మా ఇంటి పాత ధాన్యపు గాదె గుర్తొచ్చినట్టు.

"గుమ్మి యాడిదే. కుండ ఉన్నది."

మిగిలిన బియ్యం ఆ రోజే వండి పరమాన్నం చేసి వాడంతా పంచారు. ఖాసింబీ రెండుసార్లు పెట్టించుకుంది. మరిదికి రెండు చెంచాలు దిగాయి.

తిరుగు దారి

తిరిగొచ్చేటప్పుడు వికారాబాదులో రైలు ఆగితే గుట్ట దిక్కు చూశాను. మబ్బులో ఉంది. ఆ మనిషి రాయి మీద కూర్చొని చూస్తూ ఉంటాడనుకున్నాను. దిగలేదు. దిగి ఉండాల్సిందేమో.

ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చినా గట్టిగానే వచ్చింది. ఉత్తర కార్తెలో మా మూసీ రెండు ఒడ్లూ తాకింది. ఎవరూ గంప ఎత్తలేదు. ఆ ఉత్తరలోనే బండల మనిషి మళ్లీ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఈసారి మంచినీళ్లు అడగలేదు. నేనే ఇచ్చాను.

ఇప్పుడు పడమట మబ్బు పడితే మా వాడలో అందరూ మన చేనుకు పడుతుందా అని చూస్తారు. నేను ఆ చెట్ల వెనుక ఎంత పడుతోందో, అటు ఎంత పోతోందో అని చూస్తాను. ఇక్కడి నుంచి ఏమీ కనిపించదు. అయినా చూస్తాను.

మరిది పోయిన కబురు వచ్చిన రోజు స్నానం చేసి, కుండలో దాచిన ఐదు పిడికిళ్లూ తీశాను. ఎండలో ఎంత ఆరబెట్టినా కొన్ని గింజలు నల్లబడ్డాయి. ఏరలేదు. వండుకొని ఒక్కదాన్నే కూర్చొని తిన్నాను. రెండో ముద్దలో పంటికి ఇసుక తగిలింది. కాగ్నా ఇసుక. ఉమ్మెయ్యలేదు.